కుడివైపు నుంచి చదివిన మూడు బొమ్మలు

మొదట చప్పుడు వినిపించింది. ఇస్త్రీపెట్టె బుస్సుమని ఆవిరి వదిలింది. ఆ వెంటనే బల్ల మీద అట్టముక్క పడింది. టప్. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ టప్. ఎవరో తలుపు తట్టి, లోపల ఎవరున్నారో గుర్తొచ్చి ఆగిపోయినట్టు.

నేను కర్టెన్ పక్కకు తీస్తే ఖాజాబీ కనిపించింది.

గల్ఫ్‌లో, మత్రా బజారు వెనక సందులో, ఉమైమా అనే పెద్దావిడ ఇంట్లో వంటా, ఇస్త్రీ ఆమె డ్యూటీ. యాభై రెండేళ్ళు. కడప దగ్గర పల్లె. బడికి పోలేదు. చిన్నప్పుడు మసీదులో అరబ్బీ అక్షరాలు కూడబలుక్కోవడం నేర్చుకుంది, అంతే.

"నేను సదివిన పుస్తకం ఇదే మా" అంటూ ముప్పై ఆరు జోస్యం కార్డులు చూపించింది. ఓడ, నక్క, లంగరు, ఉంగరం, కొడవలి. అక్షరం అక్కర్లేని చదువు.

అంతకుముందు సూర్ అనే ఊళ్ళో ఆమె పనిచేసిన ఇంటి జర్మన్ మేడమ్‌వి ఆ కార్డులు. మధ్యాహ్నాలు ఎదురెదురుగా కూర్చుని నేర్పింది. అడిగే మనిషి మూడు తీసి వరసగా పెట్టాలి. చదివే మనిషి ఒక కొస నుంచి మొదలుపెట్టాలి. మొదటి బొమ్మ ఇప్పటి సంగతి, చివరిది దాని ముగింపు. ఏ బొమ్మా ఒంటరిగా మాట్లాడదు, పక్కదాని భుజం తగిలితేనే నోరు విప్పుతుంది. దేశం వదిలి వెళ్తూ మేడమ్ వాటిని ఈమె చేతిలో పెట్టింది.

మత్రాకు వచ్చాక శుక్రవారాలు ఆడవాళ్ళు ఈ ఇస్త్రీబల్ల దగ్గరికి రావడం మొదలైంది.

"జోస్యం అడిగితే నలభై దినాల నమాజు పోతాదంటారు. తెలుసు మా. ఏడుస్తా వచ్చినోళ్ళని ఎట్ల పొమ్మనాల?"

శ్రీలక్ష్మి కూడా అలాగే వచ్చింది. గోదావరి లంకల పిల్ల, సందు చివరింట్లో పిల్లల్ని చూసుకునేది. ముప్పై నాలుగేళ్ళు. నిరుడు ఒక శుక్రవారం ఖాజాబీ పక్కనే స్టూలు లాక్కుని కూర్చుంది.

"నక్క రాకుండా చూడక్కా. నక్కొచ్చిందంటే మా డ్రైవరు ఫర్హానే."

"నీ మొగానికి నక్క కూడా ఎక్కువే. తీయ్."

నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. రొమ్ములో గోళీ అంత గడ్డ. యజమానురాలితో చెప్పి ఆస్పత్రికి వెళ్ళాలా? చెబితే పని మాన్పించి ఇండియా పంపేస్తారేమో. మూడు కార్డులు తీసి వరసగా పెట్టింది.

శవపెట్టె, చెట్టు, సూర్యుడు. ఖాజాబీ అలా చదివింది. చెట్టంటే ఆరోగ్యం.

"రోగం పోతాది, ఒళ్ళు కుదురుతాది, పొద్దు పొడుస్తాది. దానంతట అదే కరుగుతాది బిడ్డా. పో, తిని పండుకో."

శ్రీలక్ష్మి ఎనిమిది నెలలు ఆగింది. గడ్డ ఆగలేదు. ఇప్పుడు లంకలో, అక్క ఇంట్లో, మంచం మీద ఉంది. చేయి దాటిపోయిందన్నారు డాక్టర్లు.

ఆమె వెళ్ళిన కొన్నాళ్ళకు ఖాజాబీ ఫోన్లో ఒక వీడియో కనపడింది. అవే కార్డులు. చదివే మనిషి భుజం వెనక నుంచి తీశారు. ఆ చెయ్యి ఎడమవైపు నుంచి కదిలింది. మేడమ్ చెయ్యీ అలాగే కదిలేది. ఎదురుగా కూర్చున్న ఖాజాబీకి ఆ ఎడమ కుడిగా కనిపించింది. అరబ్బీ చదివేదీ కుడి నుంచే కదా, అనుమానమే రాలేదు. అంటే శ్రీలక్ష్మి పెట్టిన వరస నిజానికి సూర్యుడు, చెట్టు, శవపెట్టె.

ఆరేళ్ళు చదివింది ఈ బల్ల దగ్గర. ఎంతమందికి రాత్రిని చూపించి తెల్లారిందని చెప్పిందో. ఆ మాటలన్నీ కొండల మీద ఆరేసిన తెల్లబట్టల్లా ఎక్కడెక్కడో రెపరెపలాడుతూ ఉంటాయి. తీసి మడత పెట్టడానికి వీల్లేదు.

ఏ వైపు నుంచి చదివినా అవి కాగితం బొమ్మలే, గడ్డకు కావలసింది డాక్టరు అన్నాను.

"అదే కదా మా. డాక్టరు కాడికి పో అని ఒక్క మాట నా నోట్లో నుంచి రాలేదే."

ఫోన్ మోగింది. శ్రీలక్ష్మి వాయిస్ మెసేజ్. గొంతు సన్నగా, ఊపిరి మధ్య మధ్యలో ఆగుతూ.

"అక్కా, ఈ వారం నా పేరున కార్డులు వెయ్యలేదేంటి? సూర్యుడు ఇంకెన్నాళ్ళకొస్తాడో అడుగు. జుట్టంతా ఊడిపోయింది. ఫర్హాన్ చూశాడంటే కారు తుడిచే గుడ్డట్టుకొచ్చి నా గుండు తుడుస్తాడు."

ఖాజాబీ ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. "వస్తాడు బిడ్డా. దావలో ఉండాడు."

పంపేసి, ఫోను బోర్లా పెట్టింది. నిజం ఎప్పుడు చెబుతావని అడిగాను. ఇస్త్రీబల్ల గుడ్డ మీది కాలిన మచ్చను వేలితో రుద్దింది.

"ఆ పిల్ల ఆ పొద్దును పట్టుకోని పండుకోనుంది. ఎట్ల గుంజుకునేది? పొయ్యేదాంకా అబద్ధమే చెప్తా. పొయినాక ఈ నిజం ఎవురికి చెప్పుకోవాల మా?"