పొగ లేచాక రాసిన పేరు

మా పెదనాయన పోయిన వారం కలరాతో పోయారు. ఐరాల దగ్గర మా ఊరికి ఆయన మునసబు. ఊళ్ళో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా సర్కారు పుస్తకంలో రాసి చిత్తూరికి కబురు పంపడం ఆయన పని. చూపు మందగించాక నాచేత రాయించేవారు.

పుట్టుక రాసే రోజు ఆయనకు ఎక్కడలేని హుషారు. బిడ్డ తండ్రి ఆకూవక్కా ఇచ్చేదాకా కదిలేవారు కాదు. పైగా సున్నం తక్కువైందని సాధించేవారు. చావు రాయాలంటే మాత్రం మనిషి నలిగిపోయేవారు. చావింట్లో మూడోనాటి చిన్నదినం దాకా పొయ్యి ముట్టించరు, పక్కవాళ్ళే అన్నం తెచ్చి పెడతారు. ఆ ఇంటి కప్పు మీద మళ్ళీ పొగ కనబడితేనే ఆయన కలం తీసేవారు. ఆలస్యమెందుకని పైనుంచి చీవాట్లు వచ్చినా దులిపేసుకునేవారు.

"పొయ్యి సల్లగా ఉన్నన్నాళ్ళూ పోయినోడు ఆ ఇంట్లోనే ఉన్నట్టప్పా. అప్పుడే ఎట్ల రాసేది?" అనేవారు నాతో.

యుద్ధం రోజుల్లో, జనం కంట్రోలు బియ్యానికి పడిగాపులు కాస్తున్నప్పుడు, కుమ్మరి వీధిలో ఒకరు కలరాతో పోయారు. పెదనాయన ఎప్పటిలాగే పొగ కోసం ఆగారు. కబురు ఆలస్యంగా అందింది. సూదులేసేవాళ్ళు వచ్చేసరికి ఆ వీధిలో పొగ లేచే ఇళ్ళే తక్కువ. ఆ తర్వాత ఆయన మునుపటిలా నవ్వగా నేను చూడలేదు. కలరా చావును మాత్రం అప్పటికప్పుడే రాసేవారు. రాసిన రోజు అన్నం ముట్టేవారు కాదు. "మర్యాద బతికుండేవాళ్ళకి గూడా సెయ్యాల గదప్పా" అన్నారొకసారి.

ఇదంతా నాకు తెలియంది కాదు. అయినా ఆయన పోయిన ఉదయం, పెదనాయనను చాప మీద పడుకోబెట్టి ఉండగా, వసారాలో పుస్తకం తెరిచి కూర్చున్న నాకు చెయ్యి ఆడలేదు. నన్ను పెంచిన మనిషి పేరు అది. కాగితం ఇస్తే చిత్తూరికి పోదామని తలారి వాకిట్లో నిలబడి ఉన్నాడు. పక్కింటామెకు అప్పటికే వాంతులు మొదలయ్యాయి.

పెద్దమ్మ నావైపు చూసింది. లేచి వంటింట్లోకి పోయింది. శవాన్ని ఇంట్లో పెట్టుకొని ఇదేం పనని ఆడవాళ్ళు ఆపబోయారు. ఆమె వినిపించుకోలేదు. కాసేపటికి వచ్చి గడప పట్టుకొని నిలబడింది.

"పొయ్యి ముట్టించినా నాయనా. రాయి."

రాశాను. మర్నాడు పొద్దున్నే సూదులవాళ్ళు ఊళ్ళో దిగారు. పక్కింటామె ఎట్లాగో గట్టెక్కింది. ఆయన తర్వాత ఆ పుస్తకంలో ఇంతవరకూ ఇంకో పేరు ఎక్కలేదు.

నాకు మాత్రం ఒళ్ళంతా అలసటగానే ఉంది, నిద్ర సరిగా రావడం లేదు. కళ్ళు మూస్తే ఆ పొయ్యే కనబడుతుంది. మీద కుండ లేదు, ఎసరు లేదు. చెరుకు పిప్పి ఊరికే మండుతూ ఉంది.