ఏం చేసినా పచ్చగానే

గుంటూరు దగ్గర యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసే రోజుల్లో నా పని పత్తి గింజలోని ప్రొటీన్ల మీద. నూనె తీశాక మిగిలే పత్తి చెక్కను మావైపు గేదెలకు పెడతారు. ఆ చెక్కలోని ప్రొటీన్‌తో ప్లైవుడ్ అతికించే జిగురు చేయొచ్చేమోనని మా గైడు గారి ఆలోచన. ప్రొటీన్‌లో గంధకం ఉండే కొసలు కొన్ని ఉంటాయి, వాటిని సల్ఫ్‌హైడ్రిల్ గ్రూపులంటారు. అవి దేన్నీ పట్టుకోకుండా ఖాళీగా ఉంటే, ఒకదాన్నొకటి పట్టుకుని జిగురు గట్టిపడుతుంది. అలాంటివి ఎన్ని ఉన్నాయో తేల్చడం నా వంతు.

పద్ధతి తేలికే. డీటీఎన్‌బీ అని ఒక మందు ఉంది. దాన్ని ప్రొటీన్ ద్రావణంలో కలిపితే, ఖాళీ కొస తగిలిన చోటల్లా విరిగి పచ్చటి రంగు వదులుతుంది. ఎంత పచ్చగా మారితే అంత ఎక్కువ కొసలున్నట్టు. ఆ రంగును ఒక యంత్రం అంకెలో చూపిస్తుంది.

నేను మొదటిసారి చేసినప్పుడే ట్యూబు బంతిపువ్వులా వెలిగింది. అంకె చూసి నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. మందు వేయకముందే ద్రావణం కాస్త పచ్చగా ఉన్న మాట నిజం. అది నా కళ్ళకు కనిపించింది, బుర్రకు కనిపించలేదు. మందు కలపని ప్రొటీన్‌ను కూడా విడిగా కొలిచి, ఆ అంకెను తీసేయాలని పుస్తకంలో ఉంది. దాన్ని బ్లాంక్ అంటారు. నేను చదివాను కూడా. అది మామూలువాళ్ళ కోసం రాసి ఉంటారనుకున్నాను.

వెంటనే ఇంటికి ఫోన్ చేశాను. మా అమ్మ ప్రత్తిపాడులో ఎలిమెంటరీ స్కూలు టీచరు.

"అమ్మా, వచ్చింది."

"ఏం వచ్చిందే? ఉద్యోగమా?"

"పచ్చరంగు."

అమ్మ, "మంచిదేనా?" అంది.

"ఇంత పచ్చగా ఇంతవరకూ ఎవరికీ రాలేదు."

ఆ మాటలో అబద్ధం లేదు. ఎవరికీ రాలేదు.

ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళకు అమ్మ లేచి నిలబడింది. "పత్తి గింజలో ఎవరూ చూడనిది చూసేలా దేవుడు మా అమ్మాయికి కృప చూపించాడు," అంది. అందరూ స్తోత్రం అన్నారు. పక్కనే కూర్చున్న నేను తల వంచుకున్నాను. ఎంత వంచితే వినయంగా ఉంటుందో ముందే అద్దంలో చూసుకుని వచ్చాను. బయటికి రాగానే పత్తి వేసే బాబాయి ఒకాయన ఆపాడు.

"దీనివల్ల పత్తి రేటు పెరుగుద్దా అమ్మా?"

"పెరగొచ్చు బాబాయ్," అన్నాను. కాదనడానికి మనసొప్పలేదు.

ఆ వారమే డిపార్ట్‌మెంటులో సెమినార్. నా అంకెలు తెర మీద వేసి, గొంతు సవరించుకుని, జిగురు పరిశ్రమ భవిష్యత్తు దాకా వెళ్ళిపోయాను. చివర్లో ఒక సీనియర్ మేడమ్ గారు చెయ్యెత్తారు.

"డీటీఎన్‌బీ వేయకముందు ఏ రంగులో ఉందమ్మా?"

"కొంచెం పచ్చగా ఉందండి."

"కొంచెం అంటే?"

గైడు గారి వంక చూశాను. ఆయన ఫ్యాన్ వంక చూస్తున్నారు.

"కొలవలేదు మేడమ్."

"కొలిచి చూడండి," అన్నారావిడ చాలా మెత్తగా. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

ఆ మధ్యాహ్నమే కొలిచాను. మందు వేసినా వేయకపోయినా అంకె దాదాపు ఒకటే. పత్తి గింజలో గాసిపాల్ అనే పచ్చటి పదార్థం పుట్టుకతోనే ఉంటుంది. నేను గంధకం అనుకుని మురిసిపోయింది దాన్ని చూసి. పత్తి చేల మధ్య పెరిగినదాన్ని, పత్తి గింజ మీదే పీహెచ్‌డీ చేస్తున్నదాన్ని.

గైడు గారు కాగితం చూసి, "రంగు మాత్రం కరెక్టుగా కొలిచావు," అన్నారు.

సాయంత్రం అమ్మకు చెప్పాను.

"నేను సాక్ష్యం చెప్పానే," అంది. "అబద్ధ సాక్ష్యం అయిపోయింది కదే."

"నీ తప్పేముందమ్మా? వదిలెయ్."

"ఎట్టా వదిలేస్తాను? అందరి ముందూ చెప్పాను. అందరి ముందే సరిచెయ్యాలి."

ఎంత బతిమాలినా వినలేదు. ఆ ఆదివారం నేను ప్రయోగం ఉందని చెప్పి హాస్టల్లోనే ఉండిపోయాను. ఉన్న ప్రయోగమల్లా దుప్పటి కప్పుకుని పడుకోవడం. అమ్మ ఒక్కతే వెళ్ళి, సిగ్గుపడుతూ చిన్నగా, "పోయిన వారం తొందరపడి చెప్పాను. మా అమ్మాయికి అంతా పచ్చగా వస్తోంది. ఆ పచ్చ పోవాలని ప్రార్థన చేయండి," అని కూర్చుందట. ఫ్యాన్ల రొదలో ఎంత వినపడిందో అంతే వినపడింది. పాస్టరు గారు చేతులెత్తి, ఈ బిడ్డ కామెర్లు తగ్గాలని గట్టిగా ప్రార్థించారు. నడిమధ్యలో ఆపడానికి అమ్మకు ధైర్యం చాలలేదు.

తర్వాతి శనివారం నేను ఇంట్లో అడుగు పెట్టానో లేదో, వెనక వీధి మామ్మ స్టీలు గ్లాసుతో వచ్చింది. నేలఉసిరి నూరి తెచ్చింది.

"ఏదీ, కళ్ళు చూపించు." నా కింది రెప్ప లాగి చూసింది. "తగ్గుముఖం పట్టిందిలే. తాగు."

"మామ్మా, నాకు కామెర్లు కాదు. పచ్చగా వచ్చింది ట్యూబులో..."

"ట్యూబులు కూడా పెట్టారా తల్లీ? అంతదాకా వచ్చిందా?" మామ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అమ్మ వంక చూశాను. "తాగు," అంది నెమ్మదిగా. "ప్రేమతో తెచ్చింది." తాగాను. అంత చేదు నేనెప్పుడూ ఎరగను. సాయంత్రానికి ఇద్దరు ముగ్గురు కొబ్బరిబోండాలు తెచ్చారు. వాళ్ళు చూస్తుండగా కారం తినడం బాగుండదని, కళ్ళాల నిండా మిరపకాయలు ఎండే ఊళ్ళో అమ్మ నాకు ఉప్పు చారు, మజ్జిగన్నం పెట్టింది. ఇంటికి వెళ్ళిన ప్రతిసారీ అదే పథ్యం.

లాబ్‌లో మాత్రం నిజంగానే పచ్చ పోగొట్టే పని మొదలైంది. పత్తి చెక్కను నీళ్ళు కలిపిన అసిటోన్‌తో కడిగాను. కడిగిన ప్రతిసారీ పచ్చటి నీళ్ళు దిగాయి. ఇక రంగు దిగకుండా అయ్యేదాకా కడిగి, ప్రొటీన్ తీసి, ఈసారి బ్లాంక్‌ను పక్కనే పెట్టుకుని మందు వేశాను. రంగు రాలేదనే అనుకున్నాను. ట్యూబు వెనక తెల్లకాగితం పెడితే, ఉందా లేదా అన్నంత లేత పచ్చ. ప్రొటీన్ మడతలు విప్పడానికి యూరియా కలిపి చూస్తే, లోపల దాగినవి బయటపడి ఇంకాస్త వచ్చింది. మళ్ళీ మళ్ళీ చేసినా అంతే వచ్చింది.

"ఇది నమ్మొచ్చు," అన్నారు గైడు గారు.

"జిగురుకు చాలదు సార్."

"చాలదని రాయి."

చిత్రంగా, ఆ లేత రంగు చూస్తుంటే మొదటిసారి కన్నా ఎక్కువ సంతోషం కలిగింది. కానీ ఈసారి ఎవరికీ ఫోన్ చేయలేదు. ఇంటికి వెళ్ళాకే అమ్మకు చెప్పాను.

"ఉన్నట్టా, లేనట్టా?" అంది.

"ఉంది. కొంచెమే."

"సరిగ్గా చూసుకున్నావా?"

"చూసుకున్నాను."

"అయితే నువ్వే చెప్పుకో. నేను లేవను."

మర్నాడు చర్చిలో పాస్టరు గారు, "అమ్మాయికి ఎలా ఉందో తనే చెబుతుంది," అన్నారు. లేచాను. గాసిపాల్ గురించి, బ్లాంక్ గురించి, అందరికీ అర్థమయ్యేలా రాత్రి నాలుగు వాక్యాలు కూర్చుకున్నాను. మామ్మ ముందు వరసలోంచి వెనక్కి తిరిగి నా కళ్ళల్లోకే చూస్తోంది.

"పచ్చ పోయిందండి," అన్నాను. "ఇప్పుడు అంతా సరిగ్గా ఉంది."

చర్చి మొత్తం స్తోత్రం అంది. మామ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మిగిలిన వాక్యాలు కూడా చెబుదామని నోరు తెరిచేసరికి, అమ్మ నా చున్నీ పట్టుకుని కిందికి లాగింది. కూర్చున్నాను.