దుబాయ్ నుంచి కాళేశ్వరానికి ఎన్ని గంటలు

జనగామలో మా పక్కింటి కోడలు తన కూతురి పుట్టువెంట్రుకలు కాళేశ్వరంలో తీయించాలనుకున్నప్పుడు నా దగ్గరికి వచ్చి మొదట అడిగింది లెక్కే. "అవ్వా, మా అన్న దుబాయ్‌ల విమానమెక్కితే కాళేశ్వరం ఎప్పటికొస్తడు?"

మొదటి కత్తెర మేనమామ పెట్టాలి. ఆ అన్నకు సెలవు దొరకక చెల్లెలి పెళ్లికే రాలేకపోయాడు. ఇదైనా ఆయన చేతి మీదుగా జరగాలని ఆమె పట్టు. అత్తగారి పట్టు మరొకటి: మధ్యాహ్నం పన్నెండు దాటితే వాళ్లింట్లో పిల్లల తలమీద కత్తెర పెట్టరు.

నోట్‌బుక్ తీశాను. ఏ ఊరికి ఎన్నింటికి బయలుదేరి ఎన్నింటికి చేరానో రాసుకోవడం నాకు ముప్పై ఏళ్ల అలవాటు. విమానం రాత్రి పన్నెండూ నలభైకి లేస్తుందని ఆయన ఫోన్‌లో చెప్పాడు. గాలిలో నాలుగు గంటలు. పెట్టె తీసుకుని బయటపడటానికి ఒకటి. కారులో ఆరు. పదకొండూ నలభైకి గోదావరి ఒడ్డున ఉంటాడు.

లెక్క తేలినా నోట్‌బుక్ మూయబుద్ధి కాలేదు. ఆకాశంలో సుమారు రెండున్నర వేల కిలోమీటర్లకు నాలుగు గంటలు. హైదరాబాద్ నుంచి మూడు వందల లోపు రోడ్డుకు ఆరు గంటలు. భాగించి చూస్తే విమానం వేగం కారుకు పదమూడు రెట్లు వచ్చింది. రెండుసార్లు సరిచూసుకున్నాను.

ఆ రోజు మేం ముందే చేరాం. పదకొండూ నలభై అయింది, మనిషి లేడు. ఫోన్ చేశాను.

"ఇప్పుడే పరకాల దాటినం అవ్వా. విమానం టైముకే దిగింది, ఆరూ పదికి."

నా లెక్కలో నాలుగూ నలభైకే దిగాలి. తేడా సరిగ్గా గంటన్నర. అప్పుడు తట్టింది. ఆయన చెప్పింది దుబాయ్ వేళ. సూర్యుడు మనకు ముందు పొడుస్తాడని చిన్నప్పుడే చదివాను, ఆ గంటన్నర కలపడం మరిచాను.

తప్పు నాదేనని చెప్పాను.

"నీ లెక్క గూడ తప్పుతదా అక్కా?" అంది అత్తగారు. "అయితే గుండు గీసేటాయనతోనే షురూ జేపిద్దం. లేకుంటే వాపస్ పోదం."

కోడలు ఒళ్లో నిద్రపోతున్న పాపమీద కొంగు కప్పింది. "ఇప్పుడే పండుకుంది అత్తమ్మా. లేపితే ఆగం జేస్తది." అంతే, అక్కడినుంచి కదలలేదు.

ఒంటిగంటా పదికి కారు వచ్చింది.

"టైం దాటిపాయె బిడ్డా," అంది అత్తగారు.

ఆయన కంగారుగా చేతి గడియారం చూసుకున్నాడు. "ఇంక పన్నెండు కాలె గదత్తా!" దాన్ని మన వేళకు తిప్పుకోవడం మరిచినట్టుంది. పదకొండూ నలభై చూపిస్తోంది.

ఆమె నావైపు తిరిగింది. "ఏందక్కా గిది?"

ఎవరి కోసమూ నేను లెక్క వంచను. ఆలోచించే చెప్పాను. "ఈడ ఎండను జూస్తే దాటింది. మేనమామ గడియారంల ఇంక ఇరవై నిమిషాలున్నయి. కత్తెర వట్టేది మేనమామ."

ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నవ్వు ఆపుకోలేకపోయింది. "మరి నిలవడ్డవేంది? జల్దీ వట్టు. ఇరవై నిమిషాలే!"

పాప లేచి, కొత్త ముఖం చూసి ఏడుపందుకుంది. మొదటి కుచ్చు చెల్లెలి కొంగులో పడింది. ఆమె దాన్ని చూడటంలేదు, అన్ననే చూస్తోంది.