పోయిన కరెంటు, తీసిన కరెంటు

తాళాలత్త పది వేళ్ళతో పుట్టింది, పది వేళ్ళతోనే పోయింది. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పాతికేళ్ళు మిషన్లు బాగుచేసినవాళ్ళలో ఆ మాట చెప్పుకోగలిగినవాళ్ళు అరుదు.

ఆమె నడుముకి ఎప్పుడూ ఒక ఎర్ర తాళం వేలాడేది. ఏ మిషన్లో చెయ్యి పెట్టినా ముందు ఆ మిషన్ స్విచ్ దింపి, దానికి ఆ తాళం వేసి, చెవి జేబులో వేసుకునేది. "ఇంటికైనా ఇంత భద్రంగా తాళం వెయ్యవు కదే!" అని మొగుడు ఎగతాళి చేస్తే, "ఇంట్లో ఎత్తుకుపోవడానికి ఏముంది, నువ్వు తప్ప" అనేది.

ఒక మధ్యాహ్నం కటింగ్ మిషన్ బ్లేడు మొద్దుబారింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. సూపర్‌వైజర్ సంబరపడ్డాడు.

"మంచిదైంది అత్తా. ఎలాగూ కరెంటు లేదు, బ్లేడు మార్చెయ్."

"కరెంటు పోయింది బాబూ. నేను తియ్యలేదు."

"రెండూ ఒకటేగా!"

"ఒకటెలా అవుతాయి? పోయింది చెప్పకుండా వస్తుంది. తీసింది నేను పెడితేనే వస్తుంది."

షెడ్డు చివర మెయిన్ బోర్డుదాకా నడిచి, ఆ మిషన్ స్విచ్ దింపి తాళం వేసింది. తిరిగొచ్చి బ్లేడుని నెట్టే గొట్టంలో మిగిలిన గాలిని బుస్సుమని వదిలేసింది. పైకి లేచి ఉన్న బ్లేడు కింద చెక్కదిమ్మ పెట్టింది. "బరువుకి కరెంటుతో పనేముంది, పడాలనుకుంటే పడుతుంది" అంటూ భుజాలదాకా లోపలికి దూరింది.

మూడు బోల్టులు ఊడదీసేసరికి కరెంటు వచ్చింది. మిగతా మిషన్లన్నీ ఒక్కసారి గర్జించాయి. ఇదొక్కటే ఉలకలేదు. అంతలో మెయిన్ బోర్డు దగ్గర ఠంగుమని సుత్తి దెబ్బ వినిపించింది.

అత్త బయటపడి పరుగెత్తింది. అక్కడ మేనేజర్ వెల్డర్ చేత తాళం పగలగొట్టిస్తున్నాడు.

"సరుకు కోసం లారీ వచ్చి గంటయింది. ఎవరిదమ్మా ఈ తాళం?"

"నాదే. ఇప్పటిదాకా నా చేతులు బ్లేడు కిందే ఉన్నాయి. చూసుకోనక్కర్లేదా?"

"ఫ్యాక్టరీ నీదా, నాదా?"

"ఫ్యాక్టరీ మీదే. చేతులు నావి." తాళం మీద అరచెయ్యి పరిచింది. "కొట్టు తమ్ముడూ, దీనిమీదే కొట్టు."

వెల్డర్ సుత్తి కింద పెట్టేశాడు.

లారీ ఇంకో అరగంట ఆగింది. బ్లేడు బిగించి, పానాలు లెక్కపెట్టుకుని, అందరినీ పక్కకి జరిపాకే అత్త తాళం తీసింది.

సాయంత్రం ఆఫీసుకి పిలిచి క్షమాపణ రాసిమ్మన్నారు. "తాళం వేసింది నేనే. రేపూ వేస్తాను" అని రాసి సంతకం పెట్టింది.

మేనేజర్ రెండుసార్లు చదివాడు. "ఇందులో క్షమాపణ ఏదీ?"

"తప్పేదో చెప్పండి, రాస్తాను" అని అత్త ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది.