బోనులో ఏడుపు

మాధవరంలో ఎక్కిన బస్సులో ఏదో థ్రిల్లర్ సినిమా వేశారు. అందులో ఒక తల్లి ఫోన్‌లో దగ్గు విని, కొడుకును చంపినవాణ్ణి గుర్తుపడుతుంది. నవ్వొచ్చింది. కానీ ఆ నటి కోర్టు బోనులో నిలబడి ఏడుస్తుంటే బస్సంతా నిశ్శబ్దమైపోయింది. ఆ దగ్గును నేనూ నమ్మేశాను.

"ఎంత బాగా చేసింది కదక్కా," అన్నాను పక్క సీటులోని నడివయసు ఆవిడతో.

"చేసిందిమా. మా ఆయన ఫ్యాక్టరీలో మిషన్‌లో పడి చనిపోయినాడు. తాగి పడ్డాడని ఓనరు చెప్పించినాడు. ఆయన తాగడని కోర్టులో నేను ఉన్నది ఉన్నట్టే చెప్పినా. ఆడ నాకు ఏడుపు రాలా. ఎవురూ నమ్మలా."

ఇది చెబుతున్నప్పుడూ ఆమె కళ్లు పొడిగానే ఉన్నాయి. నేను వాటికేసే చూస్తున్నానని ఆమె గమనించింది. గమనించి, కళ్లు మూసుకుంది.