వంకాయ పడని అమ్మాయి

శుక్రవారం పొద్దున పక్క ఫ్లాటులో ఎవరో కంజీరను గ్యాసు మంట దగ్గర వేడి చేస్తున్నారు. తోలు కాగుతున్న వాసన కారిడార్ దాటి నా గదిలోకి వచ్చింది. బహ్రెయిన్ గాలిలోని తేమకు కంజీర తోలు వదులైపోతుంది. కాస్త సెగ చూపిస్తే గానీ పలకదు. ఆ సంగతి నాకు చెప్పింది, ప్రార్థనల్లో కంజీర వాయించే సువార్తమ్మ గారు. ఆమె వెళ్ళిపోయి ఏడాది దాటింది. అయినా ఆ వాసనకు లేచి కూర్చుని, ఎదురుగా ఉన్న ఆమె మంచం వైపు చూశాను. దాని మీద నా ఉతికిన బట్టలున్నాయి.

ఆమెది కోనసీమ. అక్కడి ఒక చిన్న క్రైస్తవ సంఘం, ఇక్కడి ఇళ్ళలో పనిచేసే తెలుగు ఆడవాళ్ళ మధ్య పరిచర్య చేయమని ఆమెను పంపింది. రెండేళ్ళని వచ్చి ఆరేళ్ళు ఉండిపోయారు. భర్త, కూతురు కరుణ ఊళ్ళోనే ఉండేవారు. నేను నిర్మల్ దగ్గరి పల్లె నుంచి జుఫైర్‌లోని ఒక హోటల్ లాండ్రీలో పనికి వచ్చి, గుదైబియాలో ఆమె గదిలో రెండో మంచం అద్దెకు తీసుకున్నాను. మొదటి నెలలో ఆమెతో పది మాటలు కూడా మాట్లాడి ఉండను. డ్యూటీ నుంచి వచ్చి, గోడవైపు తిరిగి డైరీ రాసుకునేదాన్ని. లేదా ఇంటి నుంచి తెచ్చుకున్న రెండు నవలలే మళ్ళీ చదివేదాన్ని.

"ఏమ్మా, ఆ పుస్తకంలో నా గురించి చెడ్డగా రాస్తున్నావా ఏంటి?" అన్నారొకరోజు.

"లేదమ్మా," అన్నాను కంగారుగా. ఆంటీ అనబోయి అమ్మా అనేశాను. ఆమె సరిదిద్దలేదు, నేనూ మార్చుకోలేదు. "మీ ప్రార్థనకు మాత్రం నేను రానమ్మా," అని కూడా ఆ ధైర్యంలోనే చెప్పాను.

ఆమె పకపకా నవ్వారు. "రావద్దులే. నీ దేవుడికి నువ్వు చెప్పుకో, నా దేవుడికి నేను చెబుతా. ఎవరు ముందు వింటే వాళ్ళకే మనిద్దరి దణ్ణం."

ఒక సెలవు రోజున నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. పనిచేసే ఇంట్లో జారిపడి కాలు విరిగిన ఒకావిడ అక్కడుంది. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను. "నాకు మాట్లాడ రాదమ్మా," అన్నాను. "మాట్లాడమని ఎవరన్నారు? తల దువ్వు," అని దువ్వెన చేతికిచ్చారు. జడ సగం అల్లేసరికి ఆవిడే తన పిల్లల గురించి చెప్పడం మొదలుపెట్టింది. మనుషుల దగ్గరికి వెళ్ళడానికి మాటలే దారి కాదని నాకు అప్పుడే తెలిసింది.

నాకు వంకాయ పడదు, తింటే దురదలు. ఆ సంగతి ఒక్కసారే చెప్పాను. ఆ తర్వాత మా వంటలోకి వంకాయ రాలేదు.

పోయినేడు వాళ్ళాయన, కరుణ విజిట్ వీసా మీద వస్తున్నారని తెలిసింది. గది సర్దుతూ ఆమె మెల్లగా అన్నారు: "నా కూతురు నన్ను చూడ్డానికి రావట్లేదమ్మా. ఇంటికొస్తావా రావా అని అడగడానికొస్తోంది. ఈసారీ రానంటే ఇక ఫోనే చెయ్యొద్దంది." సంఘం మరో రెండేళ్ళు ఉండమంటోంది. ఏం చెప్పాలో ఆమెకింకా తెలియదు. వాళ్ళున్నన్ని రోజులకు నేను నా సామాను పై అంతస్తు గదిలోకి మార్చుకున్నాను.

విమానాశ్రయంలో ఆమె కరుణ తల మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థించారు. అందరికీ చేసినట్టే. పన్నెండేళ్ళప్పుడు వదిలి వచ్చిన పిల్లకు ఇప్పుడు పద్దెనిమిది. బ్యాగు పట్టీ పట్టుకుని, కళ్ళు తెరిచే నిలబడింది. "ఆంటీ, టాక్సీ వచ్చింది," అన్నాను వెనక నుంచి. అలా పిలవడం అదే మొదలు. ఆమె నావైపు చూశారు.

వాళ్ళొచ్చాక మొదటి శుక్రవారం మధ్యాహ్నం భోజనానికి నన్నూ రమ్మన్నారు. భర్తకిష్టమని గుత్తివంకాయ చేశారు, నాకు విడిగా బెండకాయ వేపుడు. కింద పేపర్లు పరుచుకుని కూర్చున్నాం. కరుణ వంకాయ గిన్నె వైపు చెయ్యి చాపింది. ఆమె చప్పున గిన్నె పక్కకు జరిపారు.

"నీకొద్దే. నీకు పడదు కదా, దురదలు."

"నాకా?" అంది కరుణ.

"అదేంటే, దానికి వంకాయంటే ప్రాణం కదా," అన్నారు భర్త.

కరుణ నా కంచం వైపు చూసింది. "పడనిది ఎవరికి?"

"నాకే," అన్నాను తల వంచుకుని.

ఎన్ని మంచాల పక్కనో కూర్చుని ఓదార్చిన మనిషికి ప్రార్థన కూడా రాలేదు. గిన్నె మీదే చెయ్యి పెట్టి అన్నారు: "మర్చిపోయానే. ఇంకా ఇక్కడుంటే నిన్నే మర్చిపోయేలా ఉన్నాను. ఇంటికొచ్చేస్తాను. నీకేమిష్టమో మొదటినుంచీ చెబుతావా?"

కరుణ ఎంగిలి చేతి మణికట్టుతో కళ్ళు తుడుచుకుంది. "ముందా గిన్నె ఇటివ్వమ్మా."

చెయ్యి కడుక్కుని బయటికి వచ్చేశాను. సంతోషమే కలిగింది. అయినా మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. తర్వాత మా అమ్మకు ఫోన్ చేసి, నాలుగేళ్ళలో ఎన్నడూ అడగనిది అడిగాను.

"అమ్మా, ఇయ్యాల ఏం తిన్నవ్?"

"ఏం తింట? జొన్న రొట్టె."

"అన్నం తినలేదా?"

"షుగరొచ్చి రెండేండ్లాయె బిడ్డా, అన్నం ఎక్కడిది? పరేషానైతవని నీకు చెప్పలే."

సువార్తమ్మ గారు వాళ్ళతోనే వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టలేదు. ఒక చేతిలో పెట్టె, మరో చేతిలో కూతురి చెయ్యి.

ఇప్పుడు అమ్మను బాగున్నవా అని అడగను. దానికి జవాబు ఒక్కటే. మోకాలు ఎట్లుంది, మందులు ఎప్పుడేసుకుంటవ్, ఎవరితో కొట్లాడినవ్ అని అడుగుతాను. "ఏందే, పోలీసోళ్ళ లెక్క అడుగుతున్నవ్?" అని అమ్మ విసుక్కుంటుంది. అయినా అడుగుతాను. నాకు తెలియని అమ్మ ఇంకా చాలా ఉంది.