పగలకూడని గుమ్మడికాయ

ఆ వయసులో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఏ మిషనైనా మొరాయించిందంటే దానికి బలం చాలలేదని అర్థం, బలం పెంచితే దారికొస్తుంది. (మా అమ్మ నాకు అన్నం పెట్టే పద్ధతి కూడా ఈ సూత్రం మీదే నడిచేది. బహుశా అక్కడే అంటుకుని ఉంటుంది.) ఐటిఐ అయిపోయి, జమ్మలమడుగు నుంచి రోజూ బస్సెక్కి ప్రొద్దుటూరులో ఒక షట్టర్ల షాపులో పనికి పోతున్న మొదటి ఏడాది అది. షాపాయన్ని అందరూ మేస్త్రీ మామ అనేవాళ్లు. బట్టల కొట్లకూ బంగారం కొట్లకూ చేత్తో లాగే షట్టర్లు బిగించిన మనిషి. అప్పుడప్పుడే ఇళ్లలో కారు షెడ్లకు రిమోట్ నొక్కితే లేచే తలుపులు మొదలవుతున్నాయి. మామ వాటిని పెద్దగా నమ్మేవాడు కాదు. “మనిషి చేత్తో లాగే తలుపుకు మనిషి బుద్ధి ఉంటాది. దీనికి మనమే బుద్ధి పెట్టల్ల” అనేవాడు.

ఆ బుద్ధి రెండు చోట్ల ఉంటుంది. గడపకు అటొకటి ఇటొకటి, నేలకు జానెడు ఎత్తున, రెండు చిన్న గాజు కళ్లు బిగిస్తాం. ఒక కన్ను పంపే వెలుగును రెండోది అందుకుంటూ ఉంటుంది. మధ్యలో పిల్లిగానీ పిల్లవాడుగానీ అడ్డమొస్తే, దిగుతున్న తలుపు మళ్లీ పైకి పోతుంది. కళ్లు మోసపోయినా, తలుపు దేనికైనా తగిలిన వెంటనే వెనక్కి మళ్లాలి. ఎంత తగిలితే మళ్లాలన్నది పైన మోటారు పెట్టెకున్న చిన్న స్క్రూ చెబుతుంది. ఆ స్క్రూను మరీ బిగిస్తే తలుపుకు మొండితనం వస్తుంది. అందుకే మామ నా సంచిలో రెండంగుళాల మందమున్న ఒక చెక్కముక్క వేసి పంపేవాడు. “గడపలో ఈ చెక్క పెట్టి తలుపు దించు. తగలంగానే ఎనక్కి పోవల్ల. పోకుంటే నువ్వు ఆ ఇంటినుంచి రావద్దు” అని రోజూ చెప్పేవాడు. రోజూ చెప్పే మాట కాబట్టి నేను రోజూ వినేవాడిని కాదు.

నన్ను మొట్టమొదట ఒంటరిగా పంపింది పులివెందులకు. అక్కడ ఒక సారు కొత్త కారు కొని, కారుకు కొత్త షెడ్డు కట్టి, షెడ్డుకు ఈ తలుపు పెట్టించుకున్నాడు. బిగింపు ముందురోజే అయిపోయింది. పరీక్షించి, సరిచేసి, రిమోట్ చేతికివ్వడమే నా పని. నేను పోయేసరికి బంధువులంతా వచ్చి ఉన్నారు, కారుకు పూజ. సారు నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు. “సూడప్పా, మా అమ్మ పొద్దుపోయేదంకా ఈ గడపలోనే పీటేసుకొని చెనక్కాయలు వొలుస్తా కూచుంటాది. గాలి ఈడే వస్తాది అంటాది. చెవులు సరిగా వినపడవు. తలుపు దిగేది ఆమెకు తెల్దు. ఆమె మీద పడకుంటే సాలు, ఇంగేమొద్దు నాకు.” నేను మామ గొంతు తెచ్చుకుని “ఆ భయమే వద్దు సారూ” అన్నాను.

నేను నిచ్చెనెక్కి మోటారు దగ్గర వైర్లు సర్దుతుండగా సారు వాళ్లమ్మ, ఆ అవ్వ, పసుపు కుంకుమ గిన్నెలతో వచ్చింది. మనిషి నడుము వంగిపోయి, నిలబడినా కూర్చున్నట్టే ఉంది. కింది నుంచి కేకేసింది. “నాయనా, మిషన్‌కు బొట్టు పెడ్తాండా. పెట్టొచ్చునా?” మాది నాలుగు తరాల క్రైస్తవ కుటుంబం. ఇతరుల ఇంట్లో వాళ్ల పద్ధతికి అడ్డం పడకూడదని మా అమ్మ నూరిపోసి పెంచింది. నేను వద్దంటే, ఈ పిల్లోడు వేరే మతమని కాదంటున్నాడు అనుకుంటారేమోనని భయం. వినబడదు కాబట్టి కిందికి చూడకుండానే, పెట్టు పెట్టు అని పెద్దగా చెయ్యి ఊపాను. మోటారు ఉన్నది పైకప్పు దగ్గర, అవ్వ చెయ్యి అందేది నేలకు జానెడు ఎత్తున. అంత చిన్న లెక్క నా బుర్రకు తట్టలేదు.

దిగి రిమోట్ నొక్కాను. తలుపు జానెడు దిగి పైకి పోయింది. మళ్లీ నొక్కాను, మళ్లీ అంతే. బంధువులు చూస్తున్నారు. నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. బలం చాలలేదు అనుకున్నాను. నిచ్చెనెక్కి స్క్రూ పావు చుట్టు తిప్పాను. లాభం లేదు. అర చుట్టు. లాభం లేదు. చివరికి స్క్రూ ఇక తిరగనని చెప్పేదాకా తిప్పాను. అయినా రిమోట్ మాట వినలేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఇంటి లోపలి గోడకున్న బటన్‌ను వదలకుండా అదిమి పట్టుకుంటే తలుపు కళ్లను లెక్కచేయకుండా దిగుతుందని. (ఆ సదుపాయం పెట్టినవాడు నాలాంటివాణ్ణి చూసి ఉండడు.) అదిమాను. తలుపు బుద్ధిగా దిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇక చెక్క పరీక్ష. సంచిలో చెయ్యి పెట్టి వెతికాను, చెక్క తగల్లేదు. షాపులో మరిచిపోయానని నిర్ణయించేసుకుని చుట్టూ చూశాను. గడప పక్కనే దిష్టికి తెచ్చిన బూడిద గుమ్మడికాయ కుంకుమ పూసుకుని కూర్చుని ఉంది. చెక్కకంటే ఇదే మేలు, మెత్తగా తగులుతుంది అని నా తెలివికి నేనే మెచ్చుకుంటూ దాన్ని గడప మధ్యలో పెట్టి, లోపలికి పోయి బటన్ అదిమాను. తలుపు దిగింది, తగిలింది, కానీ ఆగలేదు. ఫటేల్‌మని కాయ రెండు చెక్కలై, గుజ్జు కారు టైర్ల దాకా చిందింది.

నేను బటన్ వదిలేశాను. బయట మాత్రం చప్పట్లు. “ఒక్క దెబ్బకు పగిల్యా! దిష్టంతా పాయ!” అని సారు నా భుజం చరిచాడు. దిష్టికాయను మనిషి ఎత్తి కొట్టడం వాళ్లందరూ చూసిందే. తలుపే కొట్టడం ఎవరూ చూడలేదు. “శానా తెలివైన పిల్లోడప్పా, దీనికోసమే ముందే పెట్టినాడు సూడు” అని ఒక పెద్దాయన అందరికీ వివరించాడు. ఆ క్షణంలో నోరు తెరిచి “ఇది పగలకూడదండీ” అని ఉంటే సరిపోయేది. కానీ మొదటి పని, ఇంతమంది మెచ్చుకోలు. నేనూ వాళ్లతో పాటు నవ్వాను. సారు రిమోట్ నొక్కితే తలుపు దిగలేదు. దానికి నేనేం చెప్పానో రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. “కొత్తది కద సారూ, నాలుగు దినాల్లో సర్దుకుంటాది. అందాకా గోడ బటన్ అదిమి పట్టుకోండి.”

విస్తరి ముందు కూర్చోబెట్టి ఓళిగలు నెయ్యి వేసి పెట్టారు. కొత్త తువ్వాలు, టెంకాయ చేతిలో పెట్టారు. అవ్వ దగ్గరికొచ్చి “మీ అమ్మకు ఎత్తకపో నాయనా” అని ఇంకో నాలుగు ఓళిగలు మూట కట్టి ఇచ్చింది. బస్టాండులో ప్రొద్దుటూరు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని, ఆ మూట సంచిలో పెడదామని పనిముట్లు పక్కకు జరిపాను. అడుగున చెక్కముక్క ఉంది. పొద్దున్నించీ అక్కడే ఉంది.

దాన్ని చూడగానే గుమ్మడికాయ కళ్ల ముందుకొచ్చింది. ఇంచుమించు మనిషి తల అంత కాయ. బటన్ ఉన్నది లోపల, మధ్యలో కారు, గడపలో కూర్చున్న మనిషి బటన్ నొక్కేవాడికి కనబడదు. అవ్వకు చెవులు వినబడవు. కండక్టరు టికెట్ అంటుంటే నేను దిగి పరుగెత్తాను. ఆ పరుగులో తువ్వాలు ఎక్కడో పడిపోయింది.

అవ్వ పీటేసుకుని సరిగ్గా తలుపు కిందే కూర్చుని ఉంది, ఒళ్లో చాట, చాటలో చెనక్కాయలు. లోపల సారు “ఎండ కొడ్తాండాది, తలుపేస్తా” అంటూ గోడవైపు పోతున్నాడు. నేను చెప్పులతోనే ఇంట్లోకి దూకి మెయిన్ స్విచ్ ఆపేశాను. బంధువులంతా లేచారు. “ఏమైందప్పా?” అన్నాడు సారు. ఆయాసంతో చెప్పాను. “గుమ్మడికాయ పగలకూడదు సారూ. తలుపు తగిలి ఎనక్కి పోవల్ల. నాకు తెలుసు. తెలిసీ చెప్పలే.” సారు ముఖం తెల్లబోయింది. తల్లివైపు చూశాడు, గోడవారన తీసి పెట్టిన కాయ చెక్కలవైపు చూశాడు.

“ఏమంటాండాడు?” అని అవ్వ అడిగింది. సారు ఆమె చెవిలో అరిచి చెప్పాడు. అవ్వ తల తడుముకుని పెద్దగా నవ్వింది. “ఆ గుమ్మడికాయకు నా తలకాయ కూడా జతయ్యేది పో!”

నేను వంగి, తలుపు ఎందుకు దిగలేదో మొదటినుంచీ వెతికాను. అప్పుడు కనబడ్డాయి గాజు కళ్లు రెండూ, పసుపు దట్టంగా పూసి, దాని మీద నిండు రూపాయంత కుంకుమతో. గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. శుభమా అని పెట్టిన బొట్టును, అందులోనూ నేను, ఎలా తుడిచేది? అవ్వ నా చేతిలోని గుడ్డనూ నా ముఖాన్నీ మార్చి మార్చి చూసింది. “ఓరి నీ యవ్వ! కంట్లో బొట్టు పెడ్తే ఎవురికైనా యాడ కనపడ్తాది? నాకు చెప్పకూడదా?” అంటూ చెంగుతో తానే తుడిచేసింది. తరువాత గిన్నె తెప్పించుకుని, ప్రతి కంటికీ అంగుళం పైన మళ్లీ పెట్టింది. “నుదురు ఈడ గదా ఉండేది” అంది.

స్క్రూ వెనక్కి తిప్పాను. మెయిన్ స్విచ్ వేసి, చెక్క పెట్టి బటన్ అదిమాను. తలుపు దిగి, చెక్కను ముట్టి, వెంటనే పైకి పోయింది. మూడుసార్లు చూశాను. ఆ తరువాత రిమోట్ నొక్కితే తలుపు నిక్షేపంగా దిగసాగింది. అవ్వ గాజు కళ్ల మధ్యకు చాట జరిపింది. తలుపు ఆగి పైకి మళ్లింది. “ఏందప్పా, ఈసారి ఏమీ పగల్లే” అని పొద్దుటి పెద్దాయన నిరాశపడ్డాడు. అవ్వ చెక్కముక్కను అడిగి తీసుకుని దానికీ ఒక బొట్టు పెట్టి ఇచ్చింది. “ఇదీ పనిముట్టే గదా” అంది. సాయంత్రం షాపులో మామకు అంతా చెప్పాను. ఆయన “బస్సు దిగినావు గదా, రేపు పనికి రా” అన్నాడు.

ఇప్పుడు ప్రొద్దుటూరులో నాకే ఒక షాపుంది. ఏ ఇంటికి పోయినా, పూజ మొదలుకాకముందే గాజు కళ్ల పైన పెన్సిలుతో చిన్న సున్న గీసి, బొట్టు ఇక్కడ పెట్టండమ్మా అని చెబుతాను. మొన్న సర్వీసుకు పులివెందుల పోయాను. గడపలో పీట లేదు, అవ్వ పోయి మూడేళ్లయిందట. గాజు కళ్లకు అంగుళం పైన మాత్రం కుంకుమ తాజాగా ఉంది, కోడలు పెడుతోందట. చెక్క పెట్టి తలుపు దించాను. చెక్క మీద అవ్వ పెట్టిన బొట్టు ఎప్పుడో చెరిగిపోయింది, అయినా ఆ వైపే పైకి ఉండేలా పెడతాను. తలుపు ముట్టి వెనక్కి పోయింది. తిరిగొచ్చేటప్పుడు అదే బస్టాండులో కూర్చుని అనుకున్నాను. ఇప్పుడు నాకు షాపుంది, పేరుంది, మోకాళ్ల నొప్పి కూడా ఉంది. ఇవన్నీ పెట్టుకుని, అంతమంది ముందు నాదే తప్పని చెప్పడానికి ఈ రోజు బస్సు దిగుతానా? దిగుతాననే అనుకుంటున్నాను. కానీ ఆ కుర్రాడంత వేగంగా మాత్రం కాదు. అందుకే బస్సెక్కే ముందే సంచి అడుగు దాకా చెయ్యి పెట్టి చూసుకుంటాను.